పిల్లలు ఉడికిపోని బడి: గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ తెలుగు తల్లిదండ్రుల తరచుగా అడిగే ప్రశ్నలు

ఎస్‌ఎంసీ (స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ) మీటింగుల్లో, బడి గేటు దగ్గర, జేఈ (జూనియర్ ఇంజినీరు) వచ్చి కొలతలు తీసుకుని వెళ్లాక వచ్చే అనుమానాలు ప్రతి ఏడూ దాదాపు ఇవే. అందుకే ఒకచోట రాసి పెట్టాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

గ్రీన్ స్కూల్ అంటే సోలార్ ప్యానెళ్లు పెట్టించడమేనా?

కాదు. సోలార్ చివర్లో వచ్చే మాట. పిల్లలు రోజూ గంటల తరబడి కూర్చునే గదిలో వేడి తగ్గాలి, గాలి ఆడాలి, లైటు వేయకుండానే నల్లబల్ల మీది అక్షరాలు కనిపించాలి. తాగే నీళ్లు శుభ్రంగా ఉండాలి. మరుగుదొడ్డికి తాళం కాదు, నీళ్లుండాలి. ఇదంతా తక్కువ కరెంటుతో, దగ్గర్లో దొరికే సామానుతో జరిగితే పర్యావరణానికీ అదే మేలు. గోడలకు ఆకుపచ్చ రంగు వేసి గేటుకు బోర్డు తగిలించిన బళ్లు ఉన్నాయి; లోపల మాత్రం పిల్లలు అట్టలతో విసురుకుంటూనే ఉంటారు.

మా బడిలో అన్నీ సమస్యలే. ఏది ముందు పట్టుకోవాలి?

మా లెక్క ఇది: ముందు కప్పు, తర్వాత తాగునీరు, ఆ తర్వాత మరుగుదొడ్డి, వంటగది పొగ, కిటికీలు. రంగులు, గేటు, ఆర్చి అన్నిటికంటే చివర. చాలాచోట్ల ఇది తలకిందులుగా జరుగుతోంది, ఎందుకంటే ఫొటోలో కనిపించేది గేటే.

మొదటి పనిగా ఓ గది థర్మామీటరు కొని, మార్చి నుంచి రోజూ పదింటికీ పన్నెండింటికీ ఎంతుందో పిల్లల చేతే రాయించండి. "చాలా వేడిగా ఉంది సార్" అంటే ఎవరూ వినరు. అంకెలున్న కాగితం పెడితే వింటారు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ నడిపే గ్రీన్ స్కూల్ కార్యక్రమంలోనూ గాలి, శక్తి, ఆహారం, నేల, నీరు, చెత్త అనే ఆరు విషయాలను పిల్లలే కొలిచి చూస్తారు. హెడ్మాస్టరుకు ఆసక్తి ఉంటే ఆ పద్ధతి బాగుంటుంది.

మేం కూలి పనులు చేసుకునేవాళ్లం. బిల్డింగు గురించి అడిగే హక్కు మాకుందా?

ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేది ఆ కమిటీయే. అన్ని కాలాలకూ పనికొచ్చే భవనం, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరు మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ, అడ్డంకి లేని దారి ఆ చట్టంలోనే రాసి ఉన్నాయి. మీరు అడిగేది దయ కాదు.

మీటింగు మినిట్స్ ఒడియాలో రాస్తారు. సంతకం పెట్టే ముందు తెలుగులో చదివి చెప్పమనండి. మొహమాటపడి వేలిముద్ర వేసేశాక "నాకు తెలీదు" అంటే పని జరగదు.

## ఉన్న బడిని చల్లబరచడం

ఏప్రిల్ వస్తే గదిలో కూర్చోలేకపోతున్నారు. ఏసీ లేకుండా వేడి తగ్గుతుందా?

తగ్గుతుంది. ఒకే అంతస్తున్న బడిలో వేడి ఎక్కువగా పైనుంచే దిగుతుంది. శ్లాబు పొద్దుటి నుంచి తాగిన ఎండను మధ్యాహ్నం మొదలుపెట్టి రాత్రి దాకా గదిలోకి వదులుతుంది. ఇనుప రేకయితే ఎండెక్కిన కాసేపటికే నెత్తిమీద పెనం పెట్టినట్టుంటుంది.

శ్లాబుకు చౌకైన మందు సున్నం. ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో కప్పు ఊడ్చి, నాచు గీకి, పగుళ్లు పూడ్చాలి. జల్లెడ పట్టిన సున్నపు నీళ్లలో కాస్త జిగురు కలిపి రెండు మూడు పల్చటి పూతలు వేయాలి. ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకొకటి. ఒకేసారి మందంగా పూస్తే పది రోజుల్లో పెచ్చులు లేస్తుంది. తెల్లటి కప్పు ఎండను వెనక్కి కొడుతుంది కాబట్టి గదిలో రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తేడా రావచ్చు. వానలకు సున్నం కరిగిపోతుంది, ఏటా వేసుకోవాల్సిందే. డబ్బుంటే కూల్ రూఫ్ పెయింటు కొన్నేళ్లు ఆగుతుంది. తెలంగాణ 2023లో దీనికోసం ఏకంగా ఒక పాలసీయే తెచ్చింది. సున్నం పని పిల్లల చేత మాత్రం చేయించకండి. కంట్లో పడితే చూపుకే ముప్పు.

ఇనుప రేకు మీద సున్నం నిలవదు. తుప్పు గీకి, ప్రైమరు వేసి, తెల్ల కూల్ రూఫ్ పెయింటు వేయాలి. కింద సీలింగు వేయగలిగితే ఇంకా మంచిది. రేకుకూ సీలింగుకూ మధ్య అడుగు ఖాళీ వదిలి, రెండు చివరలా జాలీ పెట్టించండి. ఆ వేడిగాలి బయటికి పోకపోతే సీలింగు వేసీ లాభం లేదు. థర్మోకోల్ సీలింగు వద్దు. నిప్పు అంటుకుంటే నల్లటి పొగ కక్కుతూ కరిగి కింద కారుతుంది.

రేకుల మీద తాటాకో గడ్డో కప్పితే చల్లగానే ఉంటుంది కదా?

చల్లగా ఉంటుంది, కానీ బడికి వద్దు. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి వంటగది నుంచి లేచిన నిప్పు పాక కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. మన బళ్లలో రోజూ పొయ్యి వెలుగుతుంది. ఇంటి మీద వేసుకున్నంత తేలిగ్గా బడి మీద వేయకూడదు.

మాది సిమెంటు రేకుల షెడ్డు. ఆస్బెస్టాస్ ప్రమాదం అంటున్నారు, వెంటనే పీకేయాలా?

కంగారుపడి పీకడమే ఎక్కువ ప్రమాదం. ఆస్బెస్టాస్ నార ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందన్నది రుజువైన విషయం. కానీ రేకు పగలకుండా, అరగకుండా ఉన్నంతకాలం నార గాల్లోకి పెద్దగా రాదు. కోసినప్పుడు, డ్రిల్లు పెట్టినప్పుడు, పగలగొట్టినప్పుడు లేచే దుమ్ములో ఉంటుంది. కాబట్టి వాటికి కొత్తగా కంతలు పెట్టొద్దు, ఇనుప బ్రష్షుతో నాచు గీకొద్దు. పగిలినవీ పొడి రాలుతున్నవీ ఉంటే సెలవుల్లో, పిల్లలు లేనప్పుడు, నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి మొత్తం రేకును దింపించాలి. పనివాళ్లకు సరైన మాస్కు ఉండాలి. ముక్కల్ని ఆటస్థలంలో గుంత పూడ్చడానికి వాడటం కనిపిస్తే అక్కడికక్కడే ఆపించండి. కొత్తగా కట్టే గదికి మాత్రం ఈ రేకు ఒప్పుకోవద్దు.

ఎండాకాలం పొద్దుటి పూటే బడి కదా, ఇంత హడావుడి అవసరమా?

పొద్దుటి బడి మంచిదే. అయినా రేకుల గది పదింటికే కాగిపోతుంది, ఆపైన పిల్లలు ఎండలో నడిచి ఇంటికి వెళ్లాలి. 1998లో వడగాడ్పులకు ఒడిశాలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. అప్పటి నుంచే ఈ రాష్ట్రం వేడిని తుఫానుతో సమానంగా చూడటం మొదలుపెట్టింది. పైగా సెప్టెంబరు, అక్టోబరు ఉక్కపోతలో బడి పగలంతా నడుస్తుంది.

కిటికీలు తెరిస్తే దోమలు, మూస్తే ఉక్క. ఏం చేయమంటారు?

రాయగడ, కోరాపుట్, గజపతి కొండ ప్రాంతాల్లో మలేరియా ఉంది కాబట్టి ఈ భయం సహేతుకమే. మలేరియా దోమలు కుట్టేది ఎక్కువగా రాత్రి. పగటి బడిలో కిటికీలు బార్లా తెరిచి, చుట్టూ నిల్వ నీళ్లు లేకుండా, ట్యాంకు మూత బిగించి ఉంచితే చాలావరకు సరిపోతుంది. పగలు కుట్టే డెంగీ దోమ కూడా ఆ మూత లేని ట్యాంకులోనే పుడుతుంది. పిల్లలు రాత్రి పడుకునే ఆశ్రమ పాఠశాలల్లో మాత్రం కిటికీలకు దోమల జాలీ తప్పనిసరి. జాలీ గాలిని కొంత ఆపుతుంది, దానికి తగ్గట్టు కిటికీలు పెద్దవి కావాలి.

మన తేమ వేడికి కిటికీల వైశాల్యం నేల వైశాల్యంలో కనీసం ఆరో వంతు ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. ఒకే గోడకు నాలుగు కిటికీలున్నా గాలి ఆడదు. ఎదురెదురు గోడలకు రెండేసి ఉంటే ఆడుతుంది. బీరువాలు కిటికీకి అడ్డంగా పెట్టడం మన బళ్లకు పాత జబ్బు. వాటిని జరపడానికి ఏ గ్రాంటూ అక్కర్లేదు.

మాది మద్రాసు రోజుల నాటి బడి. కూల్చేసి కొత్తది కడతామంటున్నారు. ఒప్పుకోవాలా?

తొందరపడకండి. 1936 ఏప్రిల్‌లో ఒడిశా ఏర్పడక ముందు ఈ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అప్పటి కట్టడాలు పర్లాకిమిడి, బరంపురం వైపు ఇంకా నిలబడి ఉన్నాయి. మందపాటి గోడలు, ఎత్తు కప్పు, పైన వెంటిలేటర్లు, ముందు వరండా. మనం ఇప్పుడు "గ్రీన్" అని కొత్తగా అడుగుతున్నవి చాలావరకు వాటిలో ముందే ఉన్నాయి.

దూలాలకు చెద పట్టిందా, గోడ ఒరిగిందా, పునాది కుంగిందా అన్నది ఇంజినీరు చేత రాతపూర్వకంగా తేల్చమనండి. పెంకులు మార్చి, రెండు దూలాలు మారిస్తే సరిపోయేదాన్ని కూల్చడం డబ్బు దండగ. ఒక్క జాగ్రత్త: సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూత పూయించొద్దు. గోడలో చెమ్మ బయటికి రాలేక లోపలే ఉండిపోయి, ఇటుక పొడిబారి, రెండు వానాకాలాల్లో పూత ఉబ్బి ఊడుతుంది. సున్నపు గోడకు సున్నమే పూయాలి. ఆ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్నారు కానీ, పాత గుళ్లు బాగుచేసేవాళ్లను వాకబు చేస్తే దొరుకుతారు.

ఒకవేళ భవనం నిజంగానే ప్రమాదం అని రాసిస్తే మాత్రం మమకారం పక్కన పెట్టి ఆ రోజే ఖాళీ చేయించాలి.

తరగతి గదికి ఏ పెయింటు వేయాలి?

గోడలకు లేత రంగు, కిటికీల మీదా బెంచీల మీదా సీసం లేని పెయింటు. 2017 నవంబరు నుంచి మన దేశంలో ఇళ్లకు వాడే పెయింటులో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదు. డబ్బా మీద ఆ మాట చూసి కొనండి. పేరూ లేబులూ లేని చౌక ఎనామిల్ తీసుకోవద్దు. పాత పెయింటును పొడిగా గీకితే ఆ దుమ్ములో సీసం ఉండొచ్చు, తడిపి గీకాలి.

## నీళ్లు, మరుగుదొడ్లు, వంట

బోరింగు నీళ్లు తేటగానే ఉన్నాయి. పరీక్ష ఎందుకు?

ఫ్లోరైడు రంగు లేనిది, వాసన లేనిది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీరే లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. అంతకు మించి ఏళ్ల తరబడి తాగితే పళ్ల మీద గార, తర్వాత ఎముకల జబ్బు. మలం కలిసిన నీళ్లలో కనిపించే ఇ-కోలై సూక్ష్మజీవి ఉండనే కూడదు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో ఏడాదికోసారి రసాయన పరీక్ష, వానలకు ముందూ తర్వాతా సూక్ష్మజీవుల పరీక్ష చేయించండి. చిన్న సీసాల్లో నీళ్లు పోసి ఉంచితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడే కిట్టు కూడా ఉంటుంది. నల్లబడిందంటే ఆ నీళ్లు మరిగించకుండా తాగకూడదు.

మరుగుదొడ్లు కట్టారు, కానీ తాళం వేసి ఉంచుతున్నారు. ఏం చేయాలి?

ఎక్కువ చోట్ల తాళం వెనక ఉన్న సంగతి నీళ్లు. బకెట్టుతో మోయాల్సి వస్తే ఎవరూ కడగరు, కంపు కొడితే తాళం పడుతుంది. మోటారు, పైన చిన్న ట్యాంకు, లోపల కుళాయి ఉన్నాయా చూడండి. తర్వాత కడిగే మనిషికి జీతం ఎక్కడి నుంచో తేల్చండి. ప్రభుత్వ బడుల పథకం సమగ్ర శిక్ష కింద బడి ఖర్చులకు ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటులో కనీసం పదో వంతు స్వచ్ఛతకే ఖర్చు పెట్టాలన్న నిబంధన ఉంది. పెద్ద తరగతుల ఆడపిల్లలు నెలలో ఆ రోజుల్లో బడి మానేస్తున్నారంటే, లోపల గడియ, మూత ఉన్న చెత్తబుట్ట, నీళ్లు ఈ మూడింట్లో ఏదో లేదని అర్థం. ఆ విషయం కమిటీలోని తల్లులే అడగాలి. మగవాళ్లు అడిగితే పిల్లలు చెప్పరు.

సముద్రం దగ్గర ఊరు మాది. సెప్టిక్ గుంతకూ బోరుకూ ఎంత దూరం ఉండాలి?

మామూలు నేలలో పది మీటర్లు, ముతక ఇసుక నేలలో కనీసం పదిహేను. ఛత్రపురం, గోపాల్‌పూర్ వైపు వానాకాలం నీళ్లు నేల పైదాకా వస్తాయి కాబట్టి లోతు గుంత తవ్వొద్దు. వెడల్పుగా, తక్కువ లోతుతో, నేల కంటే కాస్త ఎత్తు లేపి జంట గుంతలు కట్టించండి. ఒకటి నిండాక మూసి రెండోదానికి మళ్లిస్తే, రెండేళ్లలో మొదటి గుంతలోది ఎరువుగా మారుతుంది.

వంట పొగ తరగతి గదిలోకి వస్తోంది.

గ్యాసు ఉంటే సగం బాధ తీరినట్టే. సిలిండరు ఖరీదు, తేవడానికి దూరం అని మళ్లీ కట్టెలకు మళ్లే బళ్లు ఉన్నాయి. కట్టెలైతే పొగగొట్టం కప్పు కంటే ఎత్తుగా ఉండాలి, వంటగది తరగతులకు గాలివాలున ఉండాలి. ఆ పొగ ముందుగా పీల్చేది వంట చేసే అక్కలు. వాళ్ల గురించి ఏ ఫారంలోనూ గడి ఉండదు.

వాన నీళ్లు పట్టుకుంటే ఎంత వస్తాయి?

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వంద చదరపు మీటర్ల శ్లాబు మీద ఏడాదికి 1,200 మిల్లీమీటర్లు కురిసిందనుకుంటే, ఐదో వంతు వృథా పోయినా 96,000 లీటర్లు. అంత ట్యాంకు ఎవరూ కట్టలేరు. ఐదు వేల లీటర్లది ఒకటి మరుగుదొడ్లకూ మొక్కలకూ పెట్టి, మిగతాది ఇంకుడు గుంతకు వదలండి. తొలివాన నీళ్లు బయటికి పోనివ్వాలి.

## కొత్త గది కడుతుంటే

జేఈ ప్లాను తెచ్చారు. మేం ఏం చూడాలి?

పొడుగు గోడలు ఒకటి ఉత్తరం వైపు, ఇంకొకటి దక్షిణం వైపు ఉన్నాయా అన్నది మొదటిది. అప్పుడు కిటికీల్లోంచి వెలుతురు వస్తుంది, సాయంకాలపు ఎండ రాదు. పడమటి గోడకు స్టోరు గదో మెట్లో వస్తే మంచిది. నల్లబల్ల మీద కిటికీ వెలుగు పడి మెరవకూడదు. వీల్‌చైరుకు ర్యాంపు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడుగు ఉండాలి. రెండడుగుల అరుగుకు ఆరడుగుల ర్యాంపు గీసి చూపిస్తే అది జారుడుబల్ల. గజపతి, కోరాపుట్ కొండల్లో అయితే, తవ్విన వాలు కిందనే గది కడుతున్నారేమో తప్పకుండా చూడండి.

మట్టి ఇటుకా, బూడిద ఇటుకా?

మంచి బూడిద ఇటుక దొరికితే అదే. మట్టి ఇటుకకు పొలం పైమట్టి పోతుంది, బట్టీకి బొగ్గు కాలుతుంది. థర్మల్ కేంద్రాల బూడిదను కట్టడాల్లో వాడాలని కేంద్రం 1999 నుంచీ నోటిఫికేషన్లు ఇస్తోంది. నాసిరకం కూడా మార్కెట్లో చాలా ఉంది కనుక లోడు దించే ముందు నాలుగు ఇటుకలు తూచి, 24 గంటలు నీళ్లలో నానబెట్టి, తుడిచి మళ్లీ తూచండి. బరువు 20 శాతం కంటే ఎక్కువ పెరిగితే లోడు వెనక్కి పంపండి. అల్యూమినా ఫ్యాక్టరీల ఎర్రబురదనూ బూడిదనూ ఒకటే అనుకోవద్దు. ఆ బురదలో క్షారం ఎక్కువ, బడి ఆవరణలో నింపడానికి కూడా పనికిరాదు.

గంజాంలో ఎర్రరాయి దగ్గర్లోనే దొరికే చోట్ల అదీ మంచి గోడే.

నీడ కోసం చూరు పెద్దది పెడితే తుఫానుకు ఎగిరిపోదా?

ఎగిరిపోతుంది. ఈ రెంటి మధ్య లాగులాట మన జిల్లాలకు నిజమైనదే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వీచింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, గజపతిలో వరదలు, కొండచరియలు తెచ్చింది. అలాంటి గాలి చూరు కిందికి దూరి కప్పును పైకి లేపుతుంది.

దారి ఏమిటంటే, అసలు కప్పు చూరు అడుగున్నర మించకుండా ఉంచి, వరండా కప్పును విడిగా, వేరే స్తంభాల మీద కట్టడం. గాలికి వరండా రేకులు పోయినా గది కప్పు వాటితో పాటు లేవదు. రేకుల వాలు మరీ చదునుగా ఉండకూడదు, 22 నుంచి 30 డిగ్రీలు మంచిది. చూరు దగ్గరా శిఖరం దగ్గరా రేకును పట్టి ఉంచే జే-బోల్టులు (కొక్కెం ఆకారపు బోల్టులు) దగ్గర దగ్గరగా పడాలి. కాంట్రాక్టరు మిగుల్చుకునేది అక్కడే, కాబట్టి బిగించేటప్పుడు కమిటీ నుంచి ఒకరు నిచ్చెన ఎక్కి లెక్కపెట్టండి. నీడ కావాలంటే కిటికీల మీద కాంక్రీటు సన్‌షేడ్‌లు వేయించండి, అవి ఎగరవు.

ఏ చెట్లు నాటాలి?

వేప, కానుగ, చింత. తీరాన పొన్న. తురాయి, సుబాబుల్ త్వరగా పెరుగుతాయి, పూలూ బాగుంటాయి, కానీ గాలికి కొమ్మలు విరుగుతాయి. పడమటి వైపు నాటండి, గోడకు మరీ దగ్గరగా వద్దు.

## డబ్బు, కాగితాలు

ఇంత పనికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ఒక్కచోటి నుంచి రాదు. కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి మారుతుంది: వంద దాటి 250 లోపు ఉన్న బడికి 50,000, వెయ్యి దాటితే లక్ష. సున్నం పూత, జాలీలు, కుళాయిలు ఇందులో అయిపోతాయి. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26కు ఇచ్చిన పంచాయతీ నిధుల్లో 60 శాతం నీటికీ పారిశుద్ధ్యానికీ కట్టిపెట్టారు. అందుకే బోరు, మరుగుదొడ్డి అర్జీ సర్పంచ్ దగ్గరికి కూడా వెళ్లాలి. గనులున్న కోరాపుట్, రాయగడ జిల్లాల్లో గనుల కంపెనీలు కట్టే సొమ్ముతో నడిచే జిల్లా మినరల్ ఫౌండేషన్ డబ్బు ఉంటుంది, దాని ముఖ్య ఖర్చుల్లో విద్య ఒకటి. కొత్త గదులకు దాన్ని అడగండి. చందాలు ఆఖరి దారి. ముందే చందా ఎత్తితే ఆఫీసులో "మీరే చేసుకుంటున్నారుగా" అంటారు.

ఇంతకీ సోలార్ పెట్టించుకోవాలా?

కప్పు, ఫ్యాన్లు సరిచేసుకున్నాక. పది పాత ఫ్యాన్లు 75 వాట్ల చొప్పున ఆరు గంటలు తిరిగితే నాలుగున్నర యూనిట్లు. వాటినే తక్కువ కరెంటు తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లుగా మారిస్తే రెండు యూనిట్ల లోపే. ఒక కిలోవాటు ప్యానెళ్లు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. ఫ్యాన్లు మార్చాక చిన్న ప్లాంటే చాలు. ఓరెడా (రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ) దగ్గర పథకాలు, మన కరెంటు కంపెనీ టీపీఎస్‌ఓడీఎల్ దగ్గర నెట్ మీటరింగ్ (మిగిలిన సోలార్ కరెంటును లైనుకిచ్చి బిల్లులో తగ్గించుకోవడం) నిబంధనలు కనుక్కోండి. ఫ్రేములు తుఫాను గాలికి తగ్గట్టు శ్లాబులోకి బిగించాలి. ఇటుకలు బరువు పెట్టి వదిలేసిన ప్యానెలు గాలికి కత్తిలా ఎగురుతుంది.

మాకు ఒడియా రాయడం రాదు. అర్జీ ఎలా?

ఇంగ్లీషులో రాసినా తీసుకోవాలి. బీఈఓ (బ్లాక్ విద్యాధికారి)కి ఇచ్చి, కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి. కదలకపోతే రాష్ట్ర ప్రభుత్వం ఫిర్యాదులు తీసుకునే జన సునానీ పోర్టల్లో పెట్టండి, నంబరు వస్తుంది. బడి గురించి ప్రభుత్వం దగ్గర ఏం నమోదైందో యూడైస్ ప్లస్ (బడుల వివరాల ప్రభుత్వ వెబ్‌సైటు)లో చూడొచ్చు. అక్కడ "మరుగుదొడ్లు పనిచేస్తున్నాయి" అని ఉండి, ఇక్కడ తాళం ఉంటే ఆ పేజీ ప్రింటు తీసి, తాళం ఫొటోతో కలిపి జత చేయండి. పొడుగాటి ఉత్తరం కంటే ఇది త్వరగా పనిచేస్తుంది.

## పని అయిపోయాక

తుఫానుకు బడిలో జనాన్ని పెడతారు. తర్వాత గదులు పాడైపోతున్నాయి.

ఆశ్రయం ఇవ్వడం తప్పదు. 1999 సూపర్ సైక్లోన్ తర్వాత తీరంలో కట్టిన షెల్టర్లలో చాలావాటిని మామూలు రోజుల్లో బడిగా వాడేది కూడా ఇందుకే. బడి తిరిగి తెరిచే ముందు ట్యాంకు బ్లీచింగుతో కడగడం, బోరు నీళ్లు పరీక్షించడం, తడిసిన స్విచ్చుబోర్డులు ఎలక్ట్రీషియన్ చూసే దాకా మెయిను వేయకపోవడం, ఈ మూడూ పంచాయతీ చేత చేయించండి. తరగతులు మొదలుపెట్టాలన్న తొందరలో ఎక్కువగా మర్చిపోయేది స్విచ్చుబోర్డులనే.

ఒకసారి బాగుచేస్తే రెండేళ్లకే మళ్లీ మొదటికొస్తోంది. ఎవరు చూసుకోవాలి?

కమిటీలో ఒక్కో పనికి ఒక్కో మనిషి పేరు రాయండి. "అందరూ చూసుకుంటారు" అంటే ఎవరూ చూసుకోరు. మార్చిలో కప్పు పూత, మే నెలలో ట్యాంకు, శ్లాబు మీది నీటి గొట్టాలు, సెప్టెంబరు చివర్లో రేకుల బోల్టులు, చెట్ల కొమ్మలు. ప్లాస్టిక్ చెత్త బడి వెనక తగలబెట్టడం మానిపించడం ఏడాది పొడుగునా ఉంటుంది. ఓ నోటుబుక్కులో తేదీ, ఖర్చు, చేసిన మేస్త్రీ ఫోన్ నంబరు రాసి హెడ్మాస్టరు బీరువాలో పెట్టండి. కమిటీ మారినప్పుడు కొత్తవాళ్లకు మినిట్స్ పుస్తకంతో పాటు ఆ నోటుబుక్కు కూడా సంతకం పెట్టించుకుని అప్పగించాలి.